పరికరము మనది, మర్మము పరులది

తాళమును కొన్నవానికి తాళపుచెవి నిచ్చుట వర్తకధర్మము. చెవిని తన మొలకు దోపుకొని తాళమును మాత్రమే అమ్మువానిని ఏ యూరి బజారును సహింపదు. కాని ఇరువదియైదేండ్ల క్రిందట కంప్యూటరు బజారులో ఇట్టి వ్యాపారమే రాజమార్గమున సాగెను. కంప్యూటరు లోపల అమర్చు డయల్-అప్ మోడెముల కథ యిదియే. 2025 సెప్టెంబరు 30వ తేదీన అమెరికాలోని ఏ.ఓ.ఎల్. సంస్థ తన డయల్-అప్ సేవను నిలిపివేసినది. ఆ యుగము దాదాపు ముగిసినను, అది నేర్పిన పాఠము ముగియలేదు. కావుననే ఈ విషయమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

టెలిఫోను తీగ మనుష్యకంఠమును మోయుటకై ఏర్పడినది. కంప్యూటరు భాషలో నున్నవి ఒకట్లును సున్నలును మాత్రమే. ఈ రెంటికి నడుమ నిలిచిన దుబాసియే మోడెము. సంఖ్యలను ధ్వనులుగను, ధ్వనులను తిరిగి సంఖ్యలుగను మార్చుట, దారిలో దొరలిన తప్పులను దిద్దుట, కంప్యూటరు ఇచ్చు ఆజ్ఞలను గ్రహించుట, ఇవి యన్నియు పూర్వపు మోడెము తన చిప్పులతో తానే నెరవేర్చుకొనెడిది. 1981లో హేస్ సంస్థ తన మోడెముతో ప్రవేశపెట్టిన ఆజ్ఞల పద్ధతిని తక్కిన తయారీదారులును అనుసరించిరి. అందుచే ఏ సంస్థ మోడెమైనను ఏ ఆపరేటింగ్ సిస్టముతోనైనను మాటలాడుట సుకరమయ్యెను. బహిరంగమైన ఆ పద్ధతివలన మోడెముల వ్యాపారము పెరిగినదే గాని తరుగలేదు.

1990ల ఉత్తరార్ధమున తీరు మారెను. తయారీదారులు మోడెమునుండి చిప్పుల నొక్కొక్కటిగ తొలగించి, ఆ పనిని కొనుగోలుదారుని కంప్యూటరు ప్రాసెసరుపై మోపిరి. కొన్నిటిలో ఆజ్ఞలను గ్రహించు భాగము మాత్రమే పోయెను. మరికొన్నిటిలో ధ్వనులను కూర్చు భాగము సైతము పోయి, తీగకు తగిలించు భాగమును, ధ్వనిని కొలుచు చిన్న చిప్పును మిగిలెను. దుబాసి పోయి దుబాసి కూర్చుండు పీట మిగిలినదన్నమాట. తక్కిన పనినంతయు విండోస్ కొరకు వ్రాసిన డ్రైవరు చేయవలెను. వీనికి విన్‌మోడెములను పేరు సార్థకమే. వెల తగ్గినది నిజము. కాని విండోస్ గాక వేరొక సిస్టమును వాడువాని చేతిలో అది మోడెము కాదు, ఒట్టి అట్టముక్క.

1991లో ఫిన్లండు విద్యార్థియగు లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ అట్టి వేరొక సిస్టము. దాని సోర్సు కోడును, అనగా ప్రోగ్రాము మూలపాఠమును, ఎవరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచిపెట్టవచ్చును. మన దేశమున విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్టును ప్రజలకు తెరచిన పిమ్మట, కొన్నియేండ్లవరకు ఇండ్లలో ఇంటర్నెట్టనగా డయల్-అప్పే. ఆ దినములలో లినక్సును నెలకొల్పుకొన్న యౌత్సాహికునకు మొదట తగిలిన గోడ ఈ లోపలి మోడెము. సీరియల్ పోర్టునకు వెలుపల తగిలించునది వెంటనే పలికెడిది. లోపలిది ఎన్నిమారులు పిలిచినను ఉలుకదు, పలుకదు.

పెట్టెపైనున్న పేరును నమ్ముటకును వీలులేకుండెను. ఒకే పేరుతో అమ్మిన కార్డులలో వేర్వేరు చిప్పు లుండెడివి. చిప్పు గుర్తింపు సంఖ్యలను కంప్యూటరునుండియే రాబట్టి, అది లూసెంటుదో, కోనెక్సెంటుదో, ఇంటెలుదో తేల్చుకొని, తగిన డ్రైవరును వెదకవలెను. ఆ డ్రైవరు దొరకునది ఇంటర్నెట్టులో. ఇంటర్నెట్టునకు కావలసినది మోడెము. పిచ్చి కుదిరినగాని పెండ్లి కాదు, పెండ్లియైనగాని పిచ్చి కుదరదన్న సామెత యిచట అక్షరాల చెల్లెను. పలువురు విండోసులోనికి పోయి డ్రైవరును దింపుకొని, మరల లినక్సులోనికి వచ్చి, తమ కెర్నెలునకు సరిపడునట్లు దానిని కంపైలు చేసికొనిరి. విడిచిపోదలచిన యింటి తలుపునే తట్టవలసివచ్చె నన్నమాట.

అట్లు లభించిన డ్రైవరులైనను పూర్తిగా మనవి కావు. లూసెంటు చిప్పుల డ్రైవరులో ముఖ్యభాగము ముద్రవేసిన మూట. చుట్టునున్న తొడుగు మాత్రమే బహిరంగము. స్వచ్ఛందకార్యకర్తలు ప్రతి క్రొత్త కెర్నెలునకును ఆ తొడుగును సరిదిద్దుచు వచ్చిరి. వారి యోర్పు కొనియాడదగినది. కాని మూట విప్పుటకు వారికి వీలులేదు. కెర్నెలు మారినకొలది దానిని అతుకుట దుస్సాధ్యమై, చెడని కార్డులు చెత్తబుట్ట పాలయ్యెను.

కోనెక్సెంటు చిప్పులకు కెనడాలోని లినక్సెంట్ సంస్థ డ్రైవరుల నందించెను. ఉచితప్రతి వేగము సెకనుకు 14.4 కిలోబిట్లు. పూర్తివేగమగు 56 కిలోబిట్లు కావలసినచో వేరుగ రుసుము చెల్లింపవలెను. సొంతబండి చక్రములకు మరల బాడుగ చెల్లించుట యిట్టిదే గదా! 2004లో మరియొక విశేషము బయటపడెను. ఆ డ్రైవరు తన లైసెన్సును కెర్నెలునకు తెలుపు వాక్యమున 'జి.పి.ఎల్.' అన్న వెంటనే ఒక శూన్యాక్షర ముండెను. కెర్నెలు అంతటితో చదువుట మాని, డ్రైవరంతయు స్వేచ్ఛాసాఫ్టువేరే యని భావించెడిది. కొన్ని భాగములకే ఆ లైసెన్సు వర్తించునను శేషవాక్యము దాని చెవిని పడదు. అశ్వత్థాముని పేరును గట్టిగను, ఏనుగు మాటను మెల్లగను పలికిన ధర్మరాజు పాఠకులకు జ్ఞప్తికి రాకమానడు. పదేపదే కనబడు హెచ్చరికలను తప్పించుటకే అట్లు చేసితిమని సంస్థవారు సమాధాన మిచ్చిరి. ఉద్దేశ మేదైనను, దాచవలసిన భాగమున్నచోట మాటయు వంకరపోవునని ఇందువలన తెలియుచున్నది.

తయారీదారుల పక్షమున చెప్పదగినది లేకపోలేదు. చౌకమోడెము వలననే సామాన్యగృహస్థునకు ఇంటర్నెట్టు అందుబాటులోనికి వచ్చెనందురు. అంగీకరింతుము. తమ కృషిఫలమును, పేటెంట్లతో కూడిన విద్యను, పోటీదారుల చేతిలో పెట్టుమనుట న్యాయమా యందురు. పేటెంటనునది స్వభావముచేతనే బహిరంగపత్రము. 56 కిలోబిట్ల ప్రమాణమగు వి.90 సైతము 1998లోనే అంతర్జాతీయ సంస్థచే ప్రకటితమైనది. వారి ప్రోగ్రామునంతయు వెల్లడింపుమని కోరనక్కరలేదు. చిప్పు ఏ సంకేతమున కెట్లు బదులిచ్చునో తెలుపు వివరణపత్రము నిచ్చిన చాలును. తక్కినది వ్రాసికొను సమర్థులు లోకమున కలరు. ఆ పత్రమునైనను ఇయ్యననుట వ్యాపారరక్షణ కాదు, కొన్నవానిని కట్టిపడవేయుట.

స్వేచ్ఛాసాఫ్టువేరు ఉద్యమము పుట్టినదియు ఇట్టి చిక్కునుండియే. అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో జిరాక్స్ ముద్రణయంత్రమును బాగుచేసికొనుటకు సోర్సు కోడు నడిగి, లేదనిపించుకొన్న రిచర్డ్ స్టాల్‌మన్, 1983లో గ్నూ ఉద్యమమును ప్రకటించెను. నిరాకరణ చిన్నది. దాని ఫలము పెద్దది.

మోడెము పోయినది, ఇక చింతయేల యని కొందరడుగవచ్చును. నేడు ప్రతివాని జేబులోను ఫోనున్నది. ఆండ్రాయిడు ఫోనుల మూలమున నున్నది లినక్సు కెర్నెలే. అయినను పెక్కింట లోపలి చిప్పుల డ్రైవరులలో ముఖ్యభాగములు ముద్రవేసిన మూటలే. చిప్పు తయారీదారు చేయివిడిచినంతనే, గాజు పగులక, బ్యాటరీ చెడక, చక్కగ పనిచేయు ఫోనునకు భద్రతాసవరణలు నిలిచిపోవును. నాడు లూసెంటు మోడెమునకు పట్టిన గతియే ఇది. నాడు కొందరి యౌత్సాహికుల బాధ నేడు కోట్లమంది నష్టమైనది.

2015లో భారతప్రభుత్వము తన కార్యాలయములందు ఓపెన్ సోర్సు సాఫ్టువేరునకు ప్రాధాన్యము నిచ్చు విధానమును ప్రకటించెను. సాఫ్టువేరు విషయమున అంగీకరించిన న్యాయమును పరికరముల కొనుగోలునందును పాటింపవలెనని మా మనవి. బడులకు, గ్రంథాలయములకు, కార్యాలయములకు యంత్రములు కొనునప్పుడు ధరతోపాటు డ్రైవరు మూలపాఠము బహిరంగమా యను ప్రశ్నయు వేయవలెను. పాఠకులు సైతము అంగడిలో ఈ ఒక్క ప్రశ్న అడుగుదురుగాక. వర్తకునకు నేడు జవాబు తెలియకపోవచ్చును. పదిమంది యడిగిన పిమ్మట తెలిసికొనును. నూరుమంది యడిగిన పిమ్మట తయారీదారునకు వ్రాయును. చెవిలేని తాళము నమ్మువానిది ఎంత తప్పో, అడుగక కొనువానిదియు అంత తప్పే.