48 నుంచి 74కు
జూనియర్ రెసిడెంట్లకు, అంటే పీజీ వైద్యులకు, సాధారణంగా వారానికి 48 గంటల పని చాలని కేంద్రం 1992లోనే చెప్పింది. 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై జాతీయ వైద్య కమిషన్ వేసిన టాస్క్‌ఫోర్స్ 74 గంటలు మించొద్దంది. ముప్పై రెండేళ్లలో మన కోరికే ఇలా చిక్కిపోయింది! రోజుకు ఏడెనిమిది గంటల నిద్ర ఉండాలనీ అదే నివేదిక సిఫారసు. 36 గంటల డ్యూటీలో కుర్చీలోనే కునుకు తీసే పీజీ ఆ మాట వింటే నవ్వుతాడు. యోగా క్లాసు పెట్టడం, కౌన్సెలింగ్ బోర్డు తగిలించడం కాలేజీలకు తేలిక. ఖాళీ పోస్టులు నింపాలంటేనే చెయ్యి రాదు. మనసు బాగాలేదని సెలవు అడగాల్సింది, థీసిస్‌పై సంతకం పెట్టే గైడ్‌నే. ఇక నోరు విప్పేదెవరు? డ్యూటీ రోస్టర్లను నెలనెలా బయటపెట్టమని కమిషన్ ఆదేశించాలి. ఈలోగా, మానసిక సాయానికి ఫోన్ చేసే టెలీమానస్ నంబరు 14416 డ్యూటీ గది గోడమీదైనా ఉండాలి.