కొరియా భాషాభ్యాసమునకు తెలుగు ద్వారము

సూర్యాపేట జిల్లా చివ్వెంలలోని విద్యార్థి యొకడు కొరియా భాష నేర్వదలచినచో అతనికి దొరకు తొలిపాఠములు ప్రాయికముగా ఆంగ్లమున వ్రాయబడినవే. తన తెలుగు వాక్యమును ఆంగ్లమునకు మార్చి, పదక్రమమును తలక్రిందులు చేసి, కొరియా భాషకై మరల యథాపూర్వముగా నిలుపుట అతని పని యగుచున్నది. ఇది వృథాశ్రమ.

ప్రయోజనము ఊహామాత్రము కాదు. పెనుకొండ సమీపమున కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి నారంభించినది. 2020 జాతీయ విద్యావిధానము మాధ్యమిక స్థాయిలో బోధింపదగిన విదేశీ భాషలలో కొరియా భాషను పేర్కొన్నది.

దైనందిన కృత్యములను తెల్పు వాక్యములనే చూడుడు. 'పబుల్ మొగొయో' అనగా అన్నము తినుట. 'పప్' అన్నము, 'ఉల్' ద్వితీయా ప్రత్యయము, తుదను క్రియ. ఇందు తెలుగు బిడ్డకు వింత యేమున్నది? 'కొంగ్‌బు హేయో' చదువుట, 'చొంగ్‌సో హేయో' శుభ్రపరచుట, 'ఉన్‌దోంగ్ హేయో' వ్యాయామము చేయుట. ఈ మూడింటను నామము చీనా మూలకము, 'హేయో' దేశ్యక్రియ. అధ్యయనము, స్నానము మున్నగు తత్సమములకు తెలుగువారు 'చేయు' ధాతువును చేర్చినట్లే యిది.

చిక్కులు లేకపోలేదు. 'ఇంటిలో ఉన్నాడు', 'ఇంటిలో చదువుచున్నాడు' అను రెండింటను తెలుగున 'లో' ప్రత్యయమే. సంస్కృతమునను రెండును అధికరణమే, సప్తమియే. కొరియా భాష ఉనికికి 'ఎ', వ్యాపారమునకు 'ఎసొ' వాడును: 'చిబె ఇస్సొయో', 'చిబెసొ కొంగ్‌బు హేయో'. క్రియాస్వభావమునుబట్టి ఆధారమును విభజించు నీ భేదము కారకప్రకరణము చదివినవానికి ఒక్కమారు చెప్పిన చాలును. ప్రత్యయములను కారణ మెరుగక వల్లించువాడు చిరకాలము తడబడును.

క్రియకు పురుషవచనభేదము లేదు. నేను తిన్నను, వాడు తిన్నను 'మొగొయో' యే. మర్యాద మాత్రము మిక్కుటము: పెద్దలయెడ ధాతువే మారి 'తుసెయో' యగును, తెలుగున 'తిను'టకు మారుగా 'ఆరగించు'ట యన్నట్లు.

కొరియా, ద్రావిడ భాషలకు చుట్టరికము కలదని హల్బర్టు 1905లో ఒక గ్రంథమే వ్రాసెను. నేటి భాషావేత్తలు దాని నంగీకరింపరు. బోధనకు ఆ చుట్టరికముతో పనియే లేదు, వాక్యనిర్మాణసామ్యము చాలును.

తెలుగున ఇట్టి వాచకమును కూర్పదగినవారు ప్రాచ్యకళాశాలల వ్యాకరణాధ్యాపకులే. ఉచ్చారణకు మాత్రము తద్భాషావిదుల సాయము తప్పదు. తెలుగు లిపి చూపజాలని అచ్చులందు కలవు, పైవ్రాతలు ఉజ్జాయింపులే. హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున ఆ భాష బోధింపబడుచున్నది. వారితో కూడి లేచుట, వండుట, పనికి పోవుట, ఇల్లు చేరుట మొదలైన నూరు వాక్యములతో తొలి వాచకము నారంభింపవచ్చును.