వేగం కాదు, లయ ముఖ్యం
బర్కస్‌లో పెళ్లి బరాత్ ముందు మర్ఫా వాయించేవాళ్లను గమనించండి. ఏ యంత్రమూ ఉండదు. ఒకరిని ఒకరు వింటూ లయ నిలబెడతారు. మనం మాత్రం పిల్లలకు తబలా కొనగానే ఫోన్‌లో మెట్రోనోమ్ పెట్టి, వారం వారం వేగం పెంచమంటున్నాం. ఇది సరికాదు.

మెట్రోనోమ్ మంచి సాధనమే. 1815లో మాయెల్జెల్ పేటెంట్ పొందిన ఈ పరికరం తప్పును దాచనివ్వదు. వచ్చిన చోట పరుగెత్తడం, కష్టమైన చోట వెనకబడటం వెంటనే తెలిసిపోతాయి. పార్కిన్సన్స్ ఉన్నవారి నడక మెరుగుపరచడానికి ఫిజియోథెరపిస్టులు కూడా ఇలాంటి శబ్దాన్నే వాడతారు.

కానీ వేగం పందెం కాదు. ముందు తీన్‌తాల్ 16 మాత్రలు చేత్తో లెక్కపెట్టించండి. తర్వాత నిమిషానికి 60 దెబ్బలతో పది నిమిషాలు చాలు. భుజం బిగిసినా, మణికట్టు నొప్పెట్టినా ఆపి విశ్రాంతి ఇవ్వండి. నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించండి. నొప్పిని ఓర్చుకోవడం సాధన కాదు.

చివర్లో మెట్రోనోమ్ ఆపేసి అదే పాఠం మళ్లీ వాయించమనండి. అప్పుడు తప్పకుండా నిలిచిందే మీ పిల్లల సొంత లయ.