చించినాడ వంతెన అవతల జాజ్

రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన దాటి అలాగే ముందుకెళ్తే పాలకొల్లు. 1969లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టిన ఊరు.

‘జాజ్ మనకెందుకు, సినిమా పాట చాలు’ అనే ఫ్రెండ్‌కి ఈ కబురు చెప్పండి. మామూలు మాండలిన్ మీద మీటిన స్వరం వెంటనే ఆగిపోతుంది, గమకం పలకదు. అందుకే శ్రీనివాస్ అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టారు. 1983లో, 14 ఏళ్లకే, బెర్లిన్ జాజ్ ఫెస్టివల్‌లో వాయించారు. తర్వాత జాన్ మెక్‌లాగ్లిన్ గిటార్, జాకిర్ హుస్సేన్ తబలా పక్కన ‘రిమెంబర్ శక్తి’లో కూర్చున్నారు. అప్పటికప్పుడు రాగాన్ని అల్లుకుపోవడాన్ని మనం మనోధర్మం అంటాం. జాజ్‌కీ ప్రాణం అదే.

మరి సినిమా పాట? రామచంద్రపురం దగ్గర వెదురుపాక మూలాలున్న దేవిశ్రీ ప్రసాద్ మాండలిన్ నేర్చుకున్నది ఈయన దగ్గరే.

శ్రీనివాస్ 2014లో, 45 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇక ఆయన్ని వినిపించాల్సింది మనమే. స్టేటస్‌లో 30 సెకన్ల ముక్క పెట్టినా హీరో పేరుతో సరిపెట్టకండి. వాయించినవాళ్ల పేరు, ఊరు కూడా రాయండి. పేరుంటేనే కదా, విన్నవాడు వెతుక్కుని మిగతాది వినేది!