పెరుగు గిన్నెలో క్యాన్సర్ మందు లేదు

పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెంచుకుంటే క్యాన్సర్ దరిచేరదన్న మాట ఇవాళ ఇంటింటా వినిపిస్తోంది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం గడ్డపెరుగు, రాత్రికో ప్రోబయాటిక్ గుళిక చాలునని యూట్యూబ్ ఛానళ్లు ఊదరగొడుతున్నాయి. కీమో చేయించుకుంటున్నవారిని చూడ్డానికి వెళ్లే బంధువులు పళ్లకు బదులు ఆ గుళికల సీసాలు పట్టుకెళ్తున్నారు. చద్దన్నమూ పెరుగూ మంచి తిండే, అందులో వివాదం లేదు. మంచి తిండికి క్యాన్సర్ మందని పేరుపెట్టడమే తప్పు. ఆ తప్పుకు మూల్యం చెల్లించేది రోగి.

ముందు పూర్వపక్షాన్ని దాని బలంతో సహా చెప్పాలి. సూక్ష్మజీవులకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉన్నమాట నిజం. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో రోగుల కడుపులోంచి హెలికోబ్యాక్టర్ పైలోరీని వేరుచేసి పెంచగలిగారు. కడుపు జబ్బుకు అదే కారణమంటే వైద్యలోకం నమ్మకపోతే మార్షల్ 1984లో ఆ క్రిములున్న ద్రవాన్ని తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆ క్రిమిని క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పెద్దపేగు కణితుల్లో ఫ్యూసోబ్యాక్టీరియం ఎక్కువగా ఉందని 2012లో తేలింది. కొన్ని రకాల ఇ.కోలై విడుదల చేసే కోలిబ్యాక్టిన్ అనే విషం మన కణాల డీఎన్ఏ మీద తనవైన గుర్తులు వదులుతుంది. 11 దేశాల 981 కణితులను పరిశీలించి 2025లో వెలువరించిన అధ్యయనంలో, 70 ఏళ్లు దాటినవారి కంటే 40 ఏళ్లలోపు వారిలో ఆ గుర్తులు 3.3 రెట్లు ఎక్కువగా కనిపించాయి.

ఇంత సాక్ష్యం ఉండగా అభ్యంతరమెందుకు? ఈ సాక్ష్యమంతా ఫలానా క్రిమి గురించి, అది చేసే ఫలానా హాని గురించి. ‘మంచి బ్యాక్టీరియా’ అనే మొత్తం మీద ఇందులో ఏదీ తీర్పు చెప్పదు. పైగా క్రిమికి పేరు తెలిస్తే చాలదు, హాని తెలిస్తే చాలదు. దాన్ని తొలగిస్తే జబ్బు తగ్గాలి. బ్యాక్టీరియాల్లో ఈ మెట్టు గట్టిగా ఎక్కింది ఇంతవరకు హెలికోబ్యాక్టరే. తైవాన్‌కు చెందిన మత్సు దీవుల్లో 2004 నుంచి ఊరంతటికీ పరీక్షలు చేసి, క్రిమి ఉన్నవారికి మందులిస్తే కడుపు క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గింది. అది సాధించింది యాంటీబయాటిక్ మాత్రలు! పేగు ఆరోగ్య ప్రచారకులు ఎక్కువగా దుమ్మెత్తిపోసే మందులే వారు చూపించే అతిపెద్ద రుజువుకు మూలం.

ఆ ఒక్క క్రిమి కూడా ఒంటరిగా క్యాన్సర్ తేదు. మన దేశంలో కోట్లమంది కడుపుల్లో హెలికోబ్యాక్టర్ ఉంది. అయినా జపాన్, కొరియాలతో పోలిస్తే మనకు కడుపు క్యాన్సర్ చాలా తక్కువ. మిజోరంలో మాత్రం ఎక్కువ. అక్కడ పొగపెట్టి ఆరబెట్టిన మాంసం, ఉప్పు, పొగాకు కూడా ఆ క్రిమికి తోడవుతాయని పరిశోధకులు భావిస్తున్నారు.

తొందరపాటు ఎంత దూరం తీసుకెళ్తుందో సైన్స్ లోకమే చూసింది. 33 రకాల క్యాన్సర్లకు వేటికవే సూక్ష్మజీవుల ముద్రలున్నాయని, రక్తపరీక్షతో వాటిని పట్టేయవచ్చని 2020లో నేచర్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తర్వాత స్టీవెన్ సాల్జ్‌బర్గ్ తదితర పరిశోధకులు అదే సమాచారాన్ని తిరగేసి చూస్తే, మనిషి డీఎన్ఏ ముక్కలనే బ్యాక్టీరియాగా లెక్కించినట్టు బయటపడింది. అంకెలను సరిచేసే పద్ధతే ఒక్కో క్యాన్సర్‌కూ లేని ముద్రను అంటించింది. ఆ వ్యాసం లెక్కించిన సూక్ష్మజీవుల జాబితాలో రొయ్యలకు సోకే వైరస్ కూడా ఉంది. 2024లో నేచర్ ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది.

ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే ఇమ్యూనోథెరపీ సంగతేమిటని అడుగుతారు. అడగాల్సిందే. మెలనోమా అనే చర్మ క్యాన్సర్‌తో ఉండి ఇమ్యూనోథెరపీ మందుకు లొంగని 15 మందికి, ఆ మందు బాగా పనిచేసిన రోగుల మలంలోని సూక్ష్మజీవులను ఎక్కించి పిట్స్‌బర్గ్ వైద్యులు మళ్లీ చికిత్స చేస్తే ఆరుగురికి ఫలితం కనిపించింది. ఇది 2021 నాటి మాట, ఆశ కలిగించే మాట. అయితే అదే ఏడాది హూస్టన్ పరిశోధకులు మరోటి చెప్పారు. పీచు ఎక్కువగా తిన్న మెలనోమా రోగుల్లో చికిత్స మెరుగ్గా పనిచేసింది. షాపులో కొన్న ప్రోబయాటిక్‌లు వాడినవారికి లాభం కనిపించలేదు. ఎలుకల్లోనైతే అవి మందు బలాన్నే తగ్గించాయి. యాంటీబయాటిక్‌లు వాడాక ప్రోబయాటిక్‌లు తీసుకుంటే సొంత సూక్ష్మజీవులు కోలుకోవడం ఆలస్యమైందని 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ చూపింది. కీమోతో తెల్లకణాలు పడిపోయినవారిలో ఈ గుళికల్లోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. తెగులేదో తెలియకుండా పొలమంతా మందు కొట్టడం లాంటిదే ఈ వాడకం.

అసలు నష్టం ఇంకా పెద్దది. మలంలో రక్తం పడుతుంటే మొలలేనని, పేగులు శుభ్రపడితే అదే తగ్గుతుందని నెలలు గడిపే యువతీయువకులకు చేయాల్సింది కొలనోస్కోపీ. పొగాకు సంగతీ అంతే. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని వైద్యులు దశాబ్దాలుగా చెబుతున్నారు. చుట్ట, బీడీ, గుట్కా చేసే హానిని పెరుగు కడిగేయదు. క్యాన్సర్‌ను నివారిస్తామని, నయం చేస్తామని మందులకు ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. దాన్ని ఫోన్ తెరల మీది ప్రచారానికీ గట్టిగా వర్తింపజేయాలి.

సూక్ష్మజీవుల వల్ల వచ్చే క్యాన్సర్‌ను ఆపాలన్న తపన నిజమైతే సాధనాలు చేతిలోనే ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా 2018లో వచ్చిన క్యాన్సర్లలో సుమారు 22 లక్షలు, అంటే నూటికి 13, ఇన్ఫెక్షన్ల వల్లే వచ్చాయి. వాటిలో అత్యధికం హెలికోబ్యాక్టర్, హెచ్‌పీవీ, హెపటైటిస్ బి, సి వైరస్‌ల పనే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మన దేశంలోనే తయారవుతోంది. హెపటైటిస్ బి టీకా పుట్టిన బిడ్డకు ప్రభుత్వమే వేస్తోంది. హెపటైటిస్ సి మందులకు లొంగుతుంది. గుళికల సీసా కొనే ఇంట్లో ఆడపిల్లకు హెచ్‌పీవీ టీకా వేయించారా? కడుపుమంటతో ఏళ్లుగా బాధపడుతున్న నాన్నకు హెలికోబ్యాక్టర్ పరీక్ష చేయించారా? క్యాన్సర్‌కూ సూక్ష్మజీవులకూ ఉన్న సంబంధాన్ని నిజంగా నమ్మేవారు ముందు ఈ పనులు చేయాలి.