ముద్ద పెట్టాక అది మన కుక్కే

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా అత్తగారికి ఒక పని ఉంటుంది. గిన్నెల్లో మిగిలిన అన్నం, కూర, అడుగున ఉన్న పులుసు అన్నీ ఒక సత్తు పళ్ళెంలో కలిపి మేడమెట్ల కిందకి పట్టుకెళ్తారు. "ఎర్రమ్మా, రాయే" అని ఒక్క కేక వేస్తే చాలు, ఎక్కడున్నా తోకాడించుకుంటూ వచ్చేస్తుంది మా వీధి ఎర్రకుక్క. పెళ్ళయి సబ్బవరం వచ్చిన దగ్గర్నుంచీ నేను చూస్తున్నదే ఇది. నా వంట ఎలా ఉందో మా వారు చెప్పరు, పిల్లలు వంకలు పెడతారు. పళ్ళెం నాకి మరీ మెచ్చుకునేది ఎర్రమ్మ ఒక్కతే!

పోయిన వానాకాలంలో ఎర్రమ్మ ఆ మెట్ల కిందే నాలుగు పిల్లల్ని పెట్టింది. అత్తగారు పాత గోనెసంచి పరిచారు. బాలింత కదా అని చోడి అంబలి కూడా కాచి పోశారు. మూడు వారాలయ్యాక ఒక సాయంత్రం, పక్కింటి బాబు, ఆరేళ్ళవాడు, ముచ్చటపడి ఒక పిల్లని ఎత్తుకోబోయాడు. ఎర్రమ్మ వాడి పిక్క పట్టేసింది. పన్ను దిగి రక్తం వచ్చింది.

వాళ్ళమ్మ ఏడుస్తూ మా గుమ్మంలోకి వచ్చింది. "మీ కుక్క మా గుంటడ్ని కరిసేసింది పిన్నీ" అంది. అత్తగారు గాభరాలో అన్న మాట, "మా కుక్కేటమ్మా, అది వీధి కుక్క."

ఆ మాట నాకు గుచ్చుకుంది. అత్తగారిని తప్పుపట్టడం లేదు, ఆ క్షణంలో నా నోటికీ అదే వచ్చేది. ముద్ద పెట్టినన్నాళ్ళూ మా ఎర్రమ్మ, కరిచేసరికి వీధి కుక్క!

బాబుని కుళాయి కింద కూర్చోబెట్టి సబ్బుతో పావుగంట గాయం కడిగాం. ఒకరు కారం పెట్టమన్నారు, ఇంకొకరు సున్నం రాయమన్నారు. అలాంటివేవీ రాయకూడదు. సబ్బు, ధారగా నీళ్ళు, వెంటనే ఆసుపత్రి, అంతే. రక్తం వచ్చింది కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇంకో మందు కూడా ఎక్కించారు. ఆ రోజు మొదటి టీకా, తర్వాత 3, 7, 28 రోజులకి మిగతావి. నాలుగుసార్లూ ఆ తల్లితో నేనే వెళ్ళాను. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేనట్టే. అందుకే ఒక్క టీకా కూడా తప్పనివ్వకూడదు.

కుక్కని 10 రోజులు కనిపెట్టి చూడమన్నారు డాక్టరుగారు. ఆ పది రోజులూ మా అత్తగారికి నిద్ర లేదు. తెల్లారగానే వెళ్ళి, నీళ్ళు తాగుతోందా, తింటోందా, పిల్లలకి పాలిస్తోందా అని చూసేవారు. పదకొండో రోజు బెల్లం పరమాన్నం వండి పక్కింటికి గిన్నె పంపారు.

ఇప్పుడు నా మాట చెప్తాను. వీధి కుక్కల మీద దేశమంతా వాదించుకుంటోంది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలోని కుక్కల్ని పట్టి షెల్టర్లలో ఉంచమంది. 22న ఆ ఉత్తర్వును మార్చింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప. తిండి కూడా వీధుల్లో ఎక్కడపడితే అక్కడ కాదు, కేటాయించిన చోటే పెట్టాలంది. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు కూడా మెట్ల దగ్గర, రాకపోకల దారిలో, పిల్లలు ఆడుకునే చోట తిండి పెట్టొద్దనే చెబుతున్నాయి. లా యూనివర్సిటీ ఉన్న ఊళ్ళో ఉంటూ మాకు ఈ ముక్క తెలీలేదు. మేం పెట్టింది సరిగ్గా మెట్ల కిందే!

కొందరు తరిమేయండి అంటారు. తరిమితే ఎక్కడికి పోతాయి? పక్క వీధికి, లేదంటే అనకాపల్లి–ఆనందపురం హైవే మీదకి, లారీల కిందకి. ఇంకొందరం పాపం అని ముద్ద పెట్టి తలుపు వేసుకుంటాం. ఆ రెండో రకం ఎక్కువగా మనమే, ఆడవాళ్ళమే. ముద్ద పెడితే మన పని సగమే అయినట్టు. టీకా వేయించడం, ఆపరేషన్ అయ్యేలా చూడడం మిగతా సగం. ఈ పని పంచాయతీలదీ మున్సిపాలిటీలదీ అని నిబంధనలే చెబుతున్నాయి. కానీ ఎవరో ఒకరు అడగాలి కదా? ఏ కుక్క ఎక్కడ పడుకుంటుందో, ఏది కడుపుతో ఉందో వీధిలో మనకి తెలిసినట్టు ఎవరికి తెలుసు? డ్వాక్రా మీటింగులో అప్పుల లెక్కలయ్యాక ఈ మాట కూడా ఎత్తితే పోయేదేముంది?

మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం డబ్బులేసుకుని ఎర్రమ్మకి టీకా వేయించాం. ఏడాదికోసారి మళ్ళీ వేయించాలి. పిల్లలు పాలు మానాక ఆపరేషనూ అయింది. పళ్ళెం మెట్ల కింద నుంచి వీధి చివర చింతచెట్టు కిందకి మారింది.

పళ్ళెంలో పెట్టేది కూడా మారింది. ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తాన్ని దెబ్బతీస్తాయట. ఈ సంగతి పశువుల డాక్టరు చెప్పేదాకా మాకు తెలీదు. అనకాపల్లి బెల్లం వేసి, నిండా ఉల్లిపాయలతో అత్తగారు కాచే పులుసు ఇన్నేళ్ళూ దానికి ప్రేమగా కలిపి పెట్టాం! వండిన కోడి ఎముకలు, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్ కూడా వద్దన్నారు. ఇప్పుడు తాలింపుకి ముందే, ఉప్పూ కారం పడకముందే, దాని వాటా పప్పన్నం తీసి పక్కన పెడుతున్నాం.

మొన్న మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చినావిడ చింతచెట్టు దగ్గర ఆగి, "ఈ కుక్క ఎవరిదండీ, కరుస్తుందా?" అని అడిగింది. అత్తగారు పళ్ళెం కింద పెడుతూ, "మాదేనమ్మా. టీకాలేయించాం. గానీ తినీటప్పుడు పిల్లల్ని దగ్గరకి రానీకు" అన్నారు.