రేపు కొనేవాడి కోసం కారు కొనకండి

నాలుగు లక్షల్లో ఒక సెకండ్ హ్యాండ్ కారు చూస్తున్నానని మన ఇళ్లలో ఎవరైనా నోరు తెరిస్తే చాలు, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒకటే పాట పాడతారు. మారుతీ తీసుకో. డీజిల్ అయితే మైలేజీ ఇస్తుంది. యాభై వేల కిలోమీటర్లు దాటిన బండిని ముట్టుకోకు. తెల్ల రంగు చూసుకో, రేపు అమ్మేటప్పుడు మంచి రేటు పలుకుతుంది. బాబాయి చెప్పినా, పక్క సీటు ఉద్యోగి చెప్పినా, వీధి చివరి మెకానిక్ చెప్పినా ఇదే. వాళ్లు మన మేలు కోరే చెబుతారు, సందేహం లేదు. అయినా ఆ సలహా తప్పు. దాన్ని నమ్మినవాళ్లు ఎక్కువ డబ్బు పోసి మరింత పాత బండిని, గుద్దుకుంటే కాపాడలేని బండిని, నడుపుతుంటే ఏ ఉత్సాహమూ పుట్టని బండిని ఇంటికి తెచ్చుకుంటున్నారు.

అన్నిటికంటే ముందు తీసి పక్కన పెట్టాల్సింది రీసేల్ వాల్యూ అనే మాటను. కొత్త కారు కొనేవాడు దాని గురించి ఆలోచిస్తే అర్థముంది. షోరూమ్ నుంచి బయటికొచ్చిన కారు మొదటి నాలుగైదేళ్లలోనే ఎక్కువ విలువ పోగొట్టుకుంటుంది, ఆ నష్టం అతనిదే. పాత కారు కొనేవాడు అదే లెక్కలో అవతలి వైపు నిలబడ్డాడు. ఏ కారుకు రీసేల్ ఎక్కువని పేరుందో ఆ కారుకు ఇవాళ ఎక్కువ చెల్లించేది అతనే. ఆరేడేళ్లు వాడాక, ఆర్సీకి పదిహేనేళ్లు నిండే వేళకు, ఏ కంపెనీ బండికైనా చేతికొచ్చేది కొద్ది మొత్తమే. అప్పుడొచ్చే పదీ ఇరవై వేల తేడా కోసం ఇప్పుడు లక్ష ఎక్కువ పెట్టమనడం ఏం లెక్క? జనం మోజు తగ్గిన కారులో పనితనం తగ్గదు, ధర మాత్రమే తగ్గుతుంది. తక్కువ బడ్జెట్ ఉన్నవాడికి అంతకన్నా కావలసిందేముంది?

ఫోర్డ్ సంగతే తీసుకోండి. 2021 సెప్టెంబరు 9న ఆ కంపెనీ ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నానని ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు కొనసాగిస్తానని అదే రోజు చెప్పింది. మన బజారు మొదటి మాటే విన్నది. దాంతో ఫిగో, యాస్పైర్ ధరలు అదే వయసు స్విఫ్ట్, డిజైర్ల కంటే కిందికి జారాయి. 2015లో వచ్చిన కొత్త ఫిగో టాప్ వేరియంట్‌లో ఆరు ఎయిర్‌బ్యాగులు ఉండేవి. ఆ ధరలో ఆ రోజుల్లో అలాంటి కారు దొరకడమే అరుదు. బంపరో హెడ్‌లైటో పగిలితే కొన్ని రోజులు ఆగాల్సి రావచ్చు, అది ఒప్పుకుంటాను. కానీ ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ సామాను, క్లచ్ ప్లేట్లు బయట దొరుకుతూనే ఉన్నాయి. కంపెనీ వెళ్లిపోయిందనే భయానికి ఇంత ధర పడిందంటే ఆ భయం వల్ల లాభపడేది కొనేవాడే.

మైలేజీ గురించి కూడా లెక్క వేసి మాట్లాడుకుందాం. నెలకు 700 కిలోమీటర్లు తిరిగే కుటుంబం ఉంది. ఒక పెట్రోలు కారు లీటరుకు 17 ఇస్తుంది, ఇంకొకటి 14 ఇస్తుంది. తేడా నెలకు తొమ్మిది లీటర్లు. లీటరు 107 రూపాయలనుకుంటే 950 రూపాయలు, ఏడాదికి పదకొండు వేల పైచిలుకు. ఎక్కువ మైలేజీ ఇచ్చే కారు లక్ష ఎక్కువ పలికితే ఆ లక్ష తిరిగి రావడానికి దాదాపు తొమ్మిదేళ్లు పడుతుంది. అప్పటికి ఆ కారే ఉండదు.

డీజిల్ అయితే ఇంకా ప్రమాదం. పాత డీజిల్ ఇంజన్‌లో టర్బో, ఇంజెక్టర్లు, ఈజీఆర్ ఏది పోయినా ఇంధనం మీద రెండేళ్లు ఆదా చేసింది ఒక్క బిల్లులో పోతుంది. పైగా ఆ కారు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో సమర్థించింది. అక్కడ ధర పడిపోయిన బళ్లు ఎన్‌ఓసీ పట్టుకుని దక్షిణాదికి దిగాయి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఆ చవకంతా ఆవిరవుతుంది. నెలకు రెండు వేల కిలోమీటర్లు హైవే మీద తిరిగే వ్యాపారికి డీజిల్ పనికొస్తుంది. పిల్లల్ని బడిలో దింపి, ఆఫీసుకెళ్లి, ఆదివారం అత్తగారింటికి వెళ్లేవాడికి పనికిరాదు.

ఇక కిలోమీటర్లు. అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన మూఢనమ్మకం ఇదే. ఈ మధ్య ఒక మిత్రుడితో కార్లు అమ్మే యార్డుకు వెళ్లాను. పక్కపక్కనే రెండు బళ్లు. ఒకటి 2014 డిజైర్, మీటరు 41 వేలు. తళతళలాడుతోంది. తలుపు తీసి చూస్తే క్లచ్ పెడల్ రబ్బరు గీతలు అరిగి నున్నగా అయిపోయింది. స్టీరింగు పైభాగం చెమట పట్టీ పట్టీ మెరుస్తోంది. డ్రైవరు పక్క అద్దం మీద అచ్చయిన గుర్తు మిగతా మూడు అద్దాలతో కలవలేదు, అంటే ఆ అద్దం మార్చారు. బానెట్ బోల్టుల మీద పెయింటు స్పానర్ పెట్టినచోట రాలింది. వెనక సీటు బెల్టును చివరిదాకా లాగితే, ఎప్పుడూ బయటికి రాని ఆ ఆఖరి జానెడు పట్టీ మీద బురద చార. 2020 అక్టోబరులో హైదరాబాద్ కాలనీలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ఎలా మునిగాయో మనం చూశాం. ఆ నీళ్లలో నిలిచిన కార్లు కడిగి, సీటు కవర్లు మార్చి, ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి.

రెండోది 2016 హోండా జాజ్ పెట్రోలు, మీటరు 92 వేలు. జనం దాని దగ్గర ఆగడం లేదు. గ్లవ్ బాక్సులో సర్వీసు బుక్కు ఉంది. ప్రతి పది వేలకూ స్టాంపు, పక్కనే తేదీ, కిలోమీటరు. మొదటి యజమాని వారంవారం హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగాడు. ఇంజన్‌కు అరుగుదల ఎక్కువ జరిగేది చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన మొదటి నిమిషాల్లో, ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో. హైవే మీద ఒకే వేగంతో వెళ్లిన కిలోమీటర్లు క్లచ్‌నూ బ్రేకులనూ గేర్‌బాక్సునూ చాలా తక్కువ తింటాయి. ఇంటి ముందు నిలబెట్టి వారానికోసారి కూరగాయలకు తీసిన కారులో మీటరు తిరగకపోయినా టైర్లు ఎండిపోతాయి, రబ్బరు బుష్‌లు పగుళ్లిస్తాయి, బ్రేక్ ఆయిల్ తేమ పట్టి చెడిపోతుంది. డిజిటల్ మీటరును వెనక్కి తిప్పడం ఇవాళ ల్యాప్‌టాప్ ఉన్నవాడికి అరగంట పని. సర్వీసు సెంటరు కంప్యూటర్లోని పాత జాబ్‌కార్డుల్ని తిప్పడం అంత తేలిక కాదు. అందుకే మీటరు మీద అంకెను కాదు, కాగితం మీద చరిత్రను చూడమంటాను. ఆ జాజ్ ఆ డిజైర్ కంటే తక్కువ ధరకే ఉంది.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఈ సలహాలో భద్రత ఊసే లేకపోవడం. మన దేశంలో, గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ అన్ని కొత్త కార్లకూ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్‌లో, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జులైలో. అంతకు ముందు అమ్మిన బేసిక్ వేరియంట్లలో చాలావాటికి ఈ రెండూ లేవు. కార్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో పరీక్షించినప్పుడు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కు ఒక్క స్టారూ రాలేదు. పాత ఫిగోకూ రాలేదు, ఎయిర్‌బ్యాగులు లేని పోలోకూ రాలేదు. అదే పోలోలో రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టి గుద్దిస్తే పెద్దల రక్షణలో నాలుగు స్టార్లు వచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ ఆ ఏడాదే అన్ని పోలోలకూ రెండు ఎయిర్‌బ్యాగులు పెట్టేసింది. ఇప్పుడు ఆలోచించండి. పేరున్న మోడల్లో బేసిక్ వేరియంట్ కొనగలిగే డబ్బుకు పేరు తగ్గిన మోడల్లో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న పై వేరియంట్ వస్తోంది. పిల్లల్ని ఎక్కించుకునే బండి విషయంలో ఇందులో తటపటాయించడానికి ఏముందో నాకు అర్థం కాదు.

ఇదంతా మారుతీ మీద కోపంతో చెప్పడం లేదు. స్విఫ్ట్ నడపడానికి మంచి బండి, చురుకైన బండి. పాడేరులోనో ఉట్నూరులోనో ఉండి, దగ్గర్లో మరో కంపెనీ సర్వీసు లేనివారు స్విఫ్టే కొనుక్కోవాలి. హైదరాబాద్, విశాఖ, విజయవాడ, వరంగల్, తిరుపతి లాంటి ఊళ్లలో ఉండేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు.

ఇక అసలు తగాదా. మధ్యతరగతి వాడికి కారు నడపడంలో సరదా ఎందుకు అంటారు. ఏసీ పనిచేస్తే చాలదా, నలుగురూ పడితే చాలదా అంటారు. ఈ మాట వెనక ఉన్నది పొదుపు కాదు. సంతోషం డబ్బున్నవాళ్ల సొత్తు అనే లొంగుబాటు. నేను దీన్ని ఒప్పుకోను. సరదా అంటే వంద దాటించి పరుగెత్తించడం కాదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు స్టీరింగు ఎంత తిప్పితే బండి అంతే తిరగడం, మలుపులో వెనక భాగం ఊగకుండా రోడ్డును పట్టుకుని ఉండడం, సెకండ్ గేరు వేలి కొనతో పడడం. ఎదురుగా లారీ వస్తే తప్పించేది కూడా ఇదే గుణం. నడపడానికి బాగుండే బండి, అదుపులో ఉండే బండి వేరువేరు కావు.

ఆ సరదా కోసం పెద్ద ఇంజన్ అక్కర్లేదు. హోండా బ్రియో చూడండి. 2011లో వచ్చింది, టన్ను లోపు బరువు, 88 హార్స్‌పవర్ల 1.2 లీటర్ల ఇంజన్. టైమింగ్ చైన్ ఉంటుంది కాబట్టి బెల్టు మార్పించే ఖర్చు లేదు. డిక్కీ చిన్నది, సూట్‌కేసులు పట్టవు. కానీ ఇరుకు సందుల్లో, ఘాట్ రోడ్డు మీద దాన్ని నడిపినవాళ్లు మరిచిపోరు. ఎయిర్‌బ్యాగులు ఉన్న వేరియంటే చూసుకోవాలి. కుటుంబం పెద్దదైతే జాజ్, కాస్త ఎక్కువ పెట్టగలిగితే 2014 తర్వాతి హోండా సిటీ పెట్రోలు మాన్యువల్. హోండా టకాటా ఎయిర్‌బ్యాగుల కోసం, ఫ్యూయల్ పంపుల కోసం చాలా కార్లను వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. ఛాసిస్ నంబరు చెప్పి ఆ పని అయిందో లేదో సర్వీసు సెంటర్లో అడగండి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2009 నుంచి తయారైన తమ కార్ల సామాను దాన్ని తట్టుకుంటుందని హోండా ప్రకటించింది, పాత బండి కొనేవాడికి అదొక ధైర్యం. పోలో హైవే మీద నిలకడకు పెట్టింది పేరు, అయితే 1.2 పెట్రోలులో పికప్ తక్కువే. ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ ఉన్న పోలో జోలికి మాత్రం ఈ బడ్జెట్‌లో వెళ్లకండి. ఆ గేర్‌బాక్సు పాడైతే కారు ధరలో పెద్ద భాగం దానికే పోతుంది.

ఏది చూసినా ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే వేడి చేసి ఉంచితే ఇంకోరోజు వస్తానని చెప్పి వచ్చేయండి. కనీసం గంటసేపు నడపండి. గుంతల రోడ్డు మీద అద్దాలు దించి, పాటలు ఆపి, కింది నుంచి టకటక చప్పుడు వస్తుందేమో వినండి. ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే బండి ఒక పక్కకు లాగకూడదు. మీ మెకానిక్‌ను వెంట తీసుకెళ్లి లిఫ్టు మీద అడుగు భాగం చూపించండి. ఆర్సీలో ఫైనాన్స్ మిగిలి ఉందా, చలాన్లు ఎన్ని ఉన్నాయి అనేది పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే తెలిసిపోతుంది. వీలైతే యజమాని దగ్గర నేరుగా కొనండి. డీలర్ల లాభం మీద జీఎస్టీని 18 శాతం చేయాలని 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది, అది చివరికి పడేది మీ మీదే. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని, ఆర్టీఏలో పేరు మారేదాకా మొత్తం డబ్బు ఇవ్వకండి.

పేరున్న బండి మోజు వదులుకుంటే మిగిలిన లక్షలో సగం పక్కన పెట్టండి. ఇంజన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఆయిల్, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ ఆ డబ్బుతో కొత్తవి పడతాయి. టైరు పక్క భాగం మీద చిన్న అండాకార చట్రంలో నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైనది. అలాంటి టైర్లతో ఏ కారూ మలుపు పట్టదు, ఏ బ్రేకూ సరిగా పడదు. ముందు టైర్లు మార్చండి, మిగతావన్నీ ఆ తర్వాత.